తట్టితే వదలాలి

జూన్ 5, సోమవారం

కొత్త నోటుబుక్కు. పాతది నిండిపోయి కాదు, చింపి పారేశాను. అందులో అన్నీ దాని గురించే.

ఇందులో దాని గురించి రాయకూడదని అనుకుంటున్నాను. ఇంట్లో కూడా రాయను. మధ్యాహ్నం లారీలు తెరిపిచ్చినప్పుడు ఈ కాటా గదిలోనే కూర్చుని రాసి, పాత తూకం చీటీల కింద సొరుగులో పెట్టేస్తాను.

జూన్ 6, మంగళవారం

రాయక తప్పేట్టు లేదు.

నిన్న పొద్దున ఆస్పత్రిలో, జ్వరం తలకెక్కిన రోగి ఒకడు చిన్నదాని, అదే మా తోడికోడలి, మెడ పట్టుకున్నాడట. దుప్పటి మారుస్తుంటే. మనిషి దానికి రెండింతలుంటాడట. అది వాడి చేతిని రెండు చేతులా ఛాతీకి అదుముకుని, పక్కకి తిరిగి, వాణ్ణి మంచం మీదే ఒత్తిగిలబెట్టి, భుజం మీద తన బరువంతా వేసి, "ఏం కాదన్నా, ఏం కాదు" అంటూ నర్సు సూదిమందు తెచ్చేదాకా అలాగే ఉందట. వాడి ఒంటి మీద గీత కూడా పడలేదట. సెలైను కూడా ఊడలేదట.

అన్నీ అటలే. నేను చూశానా. రాత్రి భోజనాల దగ్గర మరిది రెండుసార్లు చెప్పాడు, మా ఆయన పక్కింటి వాళ్ళకి ఒకసారి చెప్పాడు, పొద్దున పాలవాడికి అత్తయ్య చెప్పింది. నాలుగోసారికి రోగి మూడింతలయ్యాడు.

"ఇక తమ్ముడు కాస్త చూసుకుని మాట్లాడాలిరోయ్" అన్నాడు మా ఆయన.

"చూసుకునే మాట్లాడుతున్నా అన్నయ్యా, రెండేళ్ళ నుంచీ" అన్నాడు మరిది. అందరూ నవ్వారు. చిన్నది కూడా తల వంచుకుని నవ్వింది.

అత్తయ్య నా వైపు చూసి, "ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి" అంది. ఆమె మామూలుగానే అంది. నాకే తగిలింది.

క్లాసుకి ముందు వెళ్ళింది నేను. పెద్దకోడలు ఒక్కతీ సాయంత్రాలు వెళ్ళి కుస్తీలు నేర్చుకోవడమేమిటని ఇదే అత్తయ్య అడ్డంపడితే, తోడుంటుందని చిన్నకోడల్ని నేను లాక్కెళ్ళాను. మొదటి నెలంతా అది గోడకి ఆనుకుని ఫోను చూసుకునేది. చాప మీదకి రావే అని చెయ్యి పట్టి లాగింది కూడా నేనే.

జూన్ 7, బుధవారం

క్లాసు రోజు.

హాలు టైర్ల షాపు మేడ మీద. మెట్లెక్కే లోపే రబ్బరు వాసన ఒంటికి పట్టేస్తుంది. మాస్టారు పగలు కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్, సాయంత్రం మాకు జియుజిత్సు నేర్పుతారు. పద్నాలుగేళ్ళు చాపకీ మనుషులకీ రాసుకుని ఆయన చెవులు నలిపి పారేసిన కాగితాల్లా ఉంటాయి. అత్తయ్య సామెత గుర్తొచ్చి ఇవాళ ఆ చెవుల వైపు చూడలేకపోయాను.

ఇద్దరు కొత్తవాళ్ళు చేరారు. వాళ్ళకి మాస్టారు ఎప్పుడూ చెప్పేదే చెప్పారు. "ఇది గెలవడానికి కాదమ్మా. మీకంటే బరువైనవాడు మీద పడి ఉన్నప్పుడు ఊపిరి ఎటునుంచి తీసుకోవాలో తెలియడానికి. అది తెలిస్తే సగం భయం పోద్ది. మిగతా సగం ఉండనివ్వండి, పనికొస్తది."

తర్వాత నియమం. ఇక్కడ ఒకటే నియమం. పట్టులో ఉన్న మనిషి చాపనో ఎదుటివాళ్ళ ఒంటినో రెండుసార్లు తడితే, ఆ క్షణమే వదిలేయాలి. చేతులు ఇరుక్కుపోతే నోటితో చాలు అన్నా అంతే. తట్టితే వదలాలి. మిగతావన్నీ పట్లు, ఇవాళ కాకపోతే రేపు వస్తాయి.

పట్టు చూపించడానికి మొదటి ఏడాది నన్ను పిలిచేవారు. ఇవాళ "చిన్నమ్మా, నువ్వు రా" అన్నారు. దాన్ని నువ్వంటారు. నన్ను మీరంటారు. మర్యాద ఇచ్చి గడప బయట నిలబెట్టడం కూడా ఒకటుంటుంది.

అది పడితే చప్పుడు కూడా రాదు. నేను పడితే కింద షాపువాడు పైకి చూస్తాడు.

జూన్ 9, శుక్రవారం

ఆస్పత్రి హెడ్ నర్సు హాలుకొచ్చింది. చెప్పులు బయట వదిలి, చాప అంచున నిలబడి అంతా చూసింది. నర్సులకీ ఆయాలకీ వారానికి మూడు పొద్దుటిపూటలు నేర్పేందుకు ఒక ఆడమనిషి కావాలట. తాగొచ్చినవాళ్ళు, మతి తప్పినవాళ్ళు, రోగుల తాలూకు మనుషులు, వీళ్ళందరి చేతుల్లోంచి ఎవరికీ దెబ్బ తగలకుండా బయటపడటం రావాలట. చిన్నదాన్ని చూసి నవ్వింది. చిన్నదాని వార్డు ఆమెదే.

ఆమె వెళ్ళాక మాస్టారు చెప్పారు. నెలాఖరు ఆదివారం ఆడవాళ్ళలో ఒకరికి తెల్లది తీసి నీలం బెల్టు కడతారట. ఆ మనిషికే పొద్దున క్లాసు.

ఆడవాళ్ళం ఆరుగురం. అందులో లెక్కకొచ్చేది ఇద్దరమే. అది అందరికీ తెలుసు. ఇంటికొచ్చే దారి పొడుగునా మేమిద్దరం ఆ ముక్క తప్ప అన్నీ మాట్లాడుకున్నాం.

జూన్ 10, శనివారం

నాకే ఇవ్వాలి. ముందు చేరింది నేను.

జూన్ 12, సోమవారం

నాకే ఇవ్వాలనడానికి కారణాలు ఉన్నాయి. నేను ఒక్క రోజు మానలేదు. చాపలు తుడిచేది నేను. కొత్తవాళ్ళకి ముడి వేయడం నేర్పేది నేను. దానికి ఒళ్ళు తేలిక, అంతే. దేవుడిచ్చిన ఒళ్ళుకి బెల్టెందుకు.

ఇవాళ దానితో మూడుసార్లు తలపడ్డాను. మూడుసార్లూ నేనే తట్టాను. ప్రతిసారీ నా చెయ్యి ఇంకా చాపకి తగలకముందే వదిలేసి, "బాగానే ఉందా అక్కా" అంటుంది. ఆ అడగడమే బాగాలేదు.

జూన్ 14, బుధవారం

పొద్దున బడికి వెళ్తూ మా అమ్మాయి చెప్పులేసుకుంటూ, "పిన్నీ, ఆదివారం నాకు ఆ మెడ పట్టు విడిపించుకోవడం నేర్పవా" అంది.

నేను అక్కడే ఉన్నాను. పొయ్యి దగ్గర.

"మీ అమ్మని అడగవే, నాకు నేర్పిందే మీ అమ్మ" అంది చిన్నది.

"అమ్మకి కోపమెక్కువ, పిన్నీ. నువ్వే నేర్పు."

టీ పొంగి స్టవ్వు ఆరిపోయింది. నేనే చూసుకోలేదు.

జూన్ 15, గురువారం

అది కారణం లేకుండానే చేరింది. నాకు కారణం ఉంది.

రెండేళ్ళ కిందట కంకర లారీ డ్రైవరొకడు తూకం తక్కువ వేయమన్నాడు. వేయనన్నాను. ఈ కిటికీలోంచే చెయ్యి లోపలికి పెట్టి నా మణికట్టు పట్టుకున్నాడు. తర్వాత వదిలాడు.

అంతే. ఇంట్లో అంతే చెప్పాను.

జూన్ 16, శుక్రవారం

క్లాసులో చిన్నదాని చెయ్యి బెణికింది. నా పట్టులో. తట్టిందట. వినపడలేదు.

జూన్ 17, శనివారం

ఎముక విరగలేదు. మోచేతి లిగమెంటు సాగిందన్నాడు డాక్టరు. నెల రోజులు చెయ్యి మెడకి కట్టుకునే ఉండాలి. ఏడు వారాలు చాప ఎక్కకూడదు. వార్డులో రోగుల్ని ఎత్తే పని తీసేసి దాన్ని చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

అత్తయ్య నిలదీసింది. "ఎలా జరిగిందే?"

నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. అంతలో అదే అంది. "నేనే ఆలస్యంగా తట్టానత్తయ్యా. రోషానికి పోయాను."

"రోషం ఎవరి మీద? అక్క మీదా? బాగుంది." అత్తయ్య దాన్నే తిట్టింది. మరిది కూడా దాన్నే తిట్టాడు. అది నా వైపు చూడలేదు.

అదే నిజమేమో. ఆలస్యంగానే తట్టిందేమో.

జూన్ 18, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవడం మంచిది. కాటా గది ఇవాళ సెలవైనా తాళం తీసుకుని వచ్చాను.

నేను కింద, అది పైన. దాని కుడి చెయ్యి నా మెడ దగ్గరికొచ్చింది. రెండు చేతులా పట్టుకున్నాను. నడుం పక్కకి జరిపి, ఒక కాలు దాని చంక కింద, ఇంకో కాలు ముఖం మీదుగా వేశాను. అది వెల్లకిలా పడింది. చెయ్యి నా కాళ్ళ మధ్య నిటారుగా చాపి ఉంది. మోచెయ్యి సరిగ్గా నా పొత్తికడుపు ఎముక మీద ఆనింది. ఆరు నెలల్లో దాని మీద నాకు దొరికిన మొదటి పట్టు. నడుం లేపాను. అంతే కదా చేయవలసింది.

పక్క జంట అప్పుడే దబ్బున పడ్డారు. పైన ఫ్యాను. కింద టైర్ల షాపులో గాలి మిషను. ఆ మోతలో ఎవరికైనా ఏం వినపడుతుంది.

జూన్ 19, సోమవారం

వినపడలేదు.

జూన్ 21, బుధవారం

దాని తల నేనే దువ్వుతున్నాను. ఒక చేత్తో వేసుకోలేదు కదా. పొద్దున ఆరున్నరకి దువ్వెన పట్టుకుని వచ్చి, నా ముందు పీట వేసుకుని వీపు తిప్పి కూర్చుంటుంది. నా జుట్టు రెండేళ్ళలో సగమైంది. దానిది అలాగే ఉంది.

మెడ మీద ఆ రోగి గోళ్ళ గుర్తులు ఇంకా పోలేదు. సన్నగా నాలుగు. ఇన్నాళ్ళూ నేను చూడలేదు. ఆ విషయం ఎవరికీ చెప్పినట్టు లేదు. చెప్పినవాళ్ళందరూ వాడి ఒంటి మీద గీత పడలేదనే చెప్పారు.

"బిగుతైందా" అన్నాను.

"లేదక్కా."

జూన్ 23, శుక్రవారం

క్లాసులో మాస్టారు నన్ను పిలిచారు, పట్టు చూపించడానికి. ఏడాది తర్వాత. హాయిగా అనిపించింది. అబద్ధమెందుకు.

జూన్ 25, ఆదివారం

నీలం బెల్టు నాకే కట్టారు.

అందరూ చప్పట్లు కొట్టారు. చిన్నది గోడకి ఆనుకుని కూర్చుని ఎడమ అరచెయ్యి తొడ మీద కొట్టుకుంది. కుడి చెయ్యి కట్టులో ఉంది కదా, చప్పట్లకి రెండు చేతులు కావాలి.

బెల్టు కట్టేముందు మాస్టారు నన్ను పక్కకి పిలిచి, "ఆ రోజు ఏమైంది" అని అడిగారు.

"వినపడలేదు మాస్టారూ" అన్నాను.

"గాలి మిషను" అన్నాను మళ్ళీ.

"సరే" అన్నారు.

ఇంటికెళ్ళగానే మా ఆయన బెల్టు మెళ్ళో వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. అత్తయ్య, "ఎంతైనా పెద్దకోడలు పెద్దకోడలే" అంది. అనుకున్నవన్నీ జరిగాయి. మా అమ్మాయి మాత్రం పిన్ని చేతికి మందు రాస్తూ కూర్చుంది.

జూన్ 28, బుధవారం

వచ్చే సోమవారం నుంచి ఆస్పత్రిలో క్లాసు. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. మొదట పడటం. తర్వాత లేవడం. తర్వాత మణికట్టు విడిపించుకోవడం. నియమం రాసుకోలేదు, అది ఎలాగూ వచ్చు.

జూలై 3, సోమవారం

ఆస్పత్రి లాండ్రీ పక్క గది. చాపలు పరిచాం. పదకొండు మంది. సగం మంది రాత్రి డ్యూటీ దిగి ఆవులిస్తూ వచ్చారు. ఎక్స్‌రే గదిలో పనిచేసే లావుపాటావిడ, ఇద్దరు చిన్న నర్సులు, మిగతావాళ్ళు ఆయాలు. అందరికన్నా పెద్దది ఊడ్చే ముసలామె. మోకాళ్ళు వంగవు, అయినా వచ్చింది. "నేను పడను తల్లీ, చూస్తా" అంది.

పడటం బాగానే నడిచింది. నవ్వులు. తర్వాత నియమం చెప్పాను. రెండుసార్లు తట్టాలి, తట్టితే వదలాలి.

ముసలామె చెయ్యెత్తింది. "మనం తడితే బయటోడు వదలడు కదమ్మా. మరి ఇది నేర్చుకుని ఏం లాభం?"

మాస్టారు చెప్పేదే చెప్పాను. ఇక్కడ మన ఒళ్ళు ఎదుటివాళ్ళ చేతికి అప్పగిస్తాం. వదులుతారన్న నమ్మకం ఉంటేనే అప్పగించగలం. అప్పగిస్తేనే ఇద్దరికీ వస్తుంది.

"అప్పగించాక వదలకపోతే?"

"వదులుతారు."

"వదలకపోతేనమ్మా?"

"వదలకపోతే నా దగ్గరికే వస్తావులే అత్తా, ఎక్స్‌రే తీస్తా" అంది లావుపాటావిడ. గది గదంతా నవ్వింది.

నీళ్ళు తాగొస్తానని బయటికెళ్ళాను. గాజు తలుపు అవతల చిన్నది చీటీల బల్ల దగ్గర కూర్చుని ఎడమ చేత్తో మెల్లగా ఎవరిదో పేరు రాస్తోంది. మొదటి తరగతి పిల్లలా నాలుక కొరుక్కుంటూ. రోగి తాలూకు మనిషి విసుక్కుంటున్నాడు. "అయిపోయిందన్నా, అయిపోయింది" అంటోంది.

జూలై 4, మంగళవారం

తట్టింది. రెండుసార్లు.

చాప మీద కాదు. నా తొడ మీద. తొడకి చెవులక్కర్లేదు.

మొదటిసారి తట్టినప్పుడు తెలిసింది. రెండోసారి తట్టినప్పుడూ తెలిసింది. అప్పుడు నడుం ఇంకొంచెం లేపాను. ఎంతసేపంటే తూకం చీటీ మీద ముద్ర వేసేంత సేపు. ఆ కాస్తలో ఏమనుకున్నానో కూడా గుర్తుంది. ఇప్పుడు పిలవమను, నువ్వు రా అని.

లోపల తడిగుడ్డ చిరిగినట్టు నా ఎముకకి తెలిసింది. అప్పుడు వదిలాను. అది అరవలేదు. చెయ్యి పొట్టకి అదుముకుని పక్కకి దొర్లి, నన్ను చూసింది. పదిహేను రోజులుగా గాలి మిషనూ ఫ్యానూ రాస్తున్నాను గానీ ఆ చూపు రాయలేదు.

డ్రైవరు సంగతి కూడా సరిగా రాయలేదు. తర్వాత వదిలాడు అని రాశాను. మూడుసార్లు వదలమన్నాను. మూడుసార్లూ వాడికి వినపడింది. నవ్వుతూ మణికట్టు కిటికీ ఊచకి ఆనించి ఇంకొంచెం నొక్కాడు. వాడికి తూకం కూడా అక్కర్లేదు అప్పుడు. వదలకుండా ఉండటమే కావాలి.

ఆ మర్నాడే టైర్ల షాపు మెట్లెక్కాను.

ఇవాళ పదకొండు లారీలు వెళ్ళాయి. ఒక చీటీ మీద బండి నంబరు తప్పు వేశాను. ఆ డ్రైవరే వెనక్కి తెచ్చి, "ఒంట్లో బాగాలేదా అమ్మా" అన్నాడు.

జూలై 5, బుధవారం

క్లాసు మొదలవకముందే వెళ్ళాను. మాస్టారు నిచ్చెన వేసి ట్యూబులైటు మారుస్తున్నారు. నిచ్చెన పట్టుకుని కింద నిలబడి చెప్పాను. తట్టడం తెలిసిందనీ, తెలిసే పట్టాననీ.

ఆయన లైటు బిగించి దిగారు. చేతులు తుడుచుకున్నారు.

"ఎందుకు?"

"కుళ్ళు."

"నాతో అబద్ధమాడావు ఆ రోజు."

"ఆడాను."

మొదటిసారి నన్ను నువ్వన్నారు. ఎన్నాళ్ళో ఎదురుచూసిన మాట. ఇలా వస్తుందనుకోలేదు.

"పాత బెల్టుందా?"

"ఉంది."

నీలంది విప్పి ఇచ్చాను. ఆయన చుట్టి కిటికీలో పెట్టారు. నన్ను రావద్దంటారనుకున్నాను. మెట్ల దాకా వెళ్ళాక వెనక నుంచి అన్నారు. "పొద్దున క్లాసు నేనే చూసుకుంటా, ఆ పిల్ల చెయ్యి బాగయ్యేదాకా. నువ్వూ రా. కిందపడటానికి ఒక మనిషి కావాలి."

జూలై 6, గురువారం

చిన్నదానికి చెప్పాను. పొద్దున దువ్వుతుంటే, దాని వీపుకే చెప్పాను.

క్షమించానంటుందనుకున్నాను. లేదా ఏడుస్తుందనుకున్నాను. దువ్వెన లాక్కుని ఇటు తిరిగింది. ఒకవైపు జుట్టు విరబోసుకునే ఉంది.

"మాస్టారికి చెప్పేశావా?"

"చెప్పాను."

"నన్నడక్కుండానా?"

"నువ్వు నా కోసం దాచావు కదా అని..."

"నీ కోసమా?" అది నవ్విన నవ్వు నాకు నచ్చలేదు. "నీ కోసం ఎందుకు దాస్తానక్కా నేను. నువ్వు కావాలని పట్టావని తెలిస్తే అత్తయ్య ఇద్దర్నీ మాన్పించేస్తుంది. మీ మరిది అయితే ఆ రోజే మాన్పించేస్తాడు. నాకు అదొక్కటే ఉంది, వారానికి మూడు సాయంత్రాలు. అది పోకూడదని నోరు మూసుకున్నా. తల నీ చేత దువ్వించుకుంటూ కూర్చున్నా, నీ చెయ్యి తగిలినప్పుడల్లా ఒళ్ళు మండినా."

"నాకు తెలియదు."

"తెలియదా, వినపడలేదా?"

అంది. అనాల్సిందే.

"ఇంట్లో మాత్రం చెప్పకు" అంది. "చెప్పావంటే చూడు." మళ్ళీ వీపు తిప్పి కూర్చుంది. దువ్వెన భుజం మీదుగా ఇచ్చింది. "కానివ్వు, ఆస్పత్రికి టైమవుతోంది."

రెండోవైపు కూడా దువ్వి, జడ వేశాను. ఒక పాయ వదులైంది. విప్పి మళ్ళీ వేశాను.

జూలై 7, శుక్రవారం

పొద్దున ఆస్పత్రిలో ముప్ఫై నాలుగుసార్లు పడ్డాను. లావుపాటావిడే పన్నెండుసార్లు పడేసింది.

బెల్టు రంగు మారిందని ముసలామె గమనించింది. "నీలంది ఉతికావా తల్లీ, తెల్లగైంది" అంది.

"ఉతికాను" అన్నాను.

ఇంట్లో, బెల్టు ఏదని మా ఆయన అడిగాడు. మాస్టారి దగ్గరుందన్నాను. అది నిజమే.

జూలై 19, బుధవారం

కట్టు విప్పేశారు. చెయ్యి పూర్తిగా చాపలేకపోతోంది. ఇంకా ఒక అంగుళం వంకర ఉంది. రబ్బరు బంతి నొక్కమన్నారు. టీవీ చూస్తూ, కూరలు తరుగుతూ, చివరికి మరిదితో గొడవపడుతూ కూడా నొక్కుతోంది. ఇంట్లో ఎక్కడ కూర్చున్నా ఆ బంతి కీచుమనడం వినపడుతుంది. నాకిప్పుడు అన్నీ వినపడుతున్నాయి.

ఆగస్టు 4, శుక్రవారం

చిన్నది చాప ఎక్కింది. ఏడు వారాలకి. నేను తప్ప అందరితోనూ మెల్లగా చేసింది. ఏడు వారాలు మానినా అలాగే చప్పుడు లేకుండా పడుతోంది. నాకు కడుపు మండింది. తప్పు ఒప్పుకుంటే కుళ్ళు పోతుందని ఎవరన్నారో గానీ, పోదు.

ఆగస్టు 11, శుక్రవారం

ఇవాళ కూడా నాతో చేయలేదు.

ఆగస్టు 18, శుక్రవారం

చివర్లో, అందరూ నీళ్ళు తాగుతుంటే, చాప మధ్యలో కూర్చుని, "అక్కా, రా" అంది.

వెళ్ళాను. రెండు నిమిషాల్లో నా కుడి చెయ్యి పట్టుకుంది. అదే పట్టు. కాలు చంక కింద, కాలు ముఖం మీదుగా. మోచెయ్యి దాని పొత్తికడుపు ఎముక మీద ఆనింది. పైన ఫ్యాను, కింద గాలి మిషను. అన్నీ విడివిడిగా వినపడుతున్నాయి.

మెల్లగా నడుం లేపింది. చెయ్యి చివరికంటా వచ్చింది. అక్కడ ఆపింది.

నేను తట్టలేదు. కళ్ళు మూసుకున్నాను. లాగితే లాగనీ, సరిపోతుంది అనుకున్నాను.

"తట్టక్కా."

"పరవాలేదు. లాగు."

"డ్రామాలొద్దు" అంది చిన్నగా. కాళ్ళ మధ్యనుంచి దాని ముఖం కనపడదు నాకు, గొంతే. "రేపు లారీలకి ఏ చేత్తో రాస్తావు చీటీలు? నా జడ ఎవరు వేస్తారు? తట్టు."

అది పెద్దమనసుతో అనలేదు. విసుగ్గానే అంది. వంటింట్లో, గిన్నె దించక్కా మాడుతోంది అంటుందే, అలా.

దాని తొడ మీద తట్టాను. రెండోది పూర్తిగా పడకముందే వదిలేసింది. లేచి, క్లాసు కోటు సర్దుకుని, "బాగానే ఉందా" అని అడగలేదు ఈసారి. "మళ్ళీ" అంది.

మళ్ళీ చేశాం. మళ్ళీ తట్టాను. మూడోసారి చెయ్యి నాకు దొరికింది. దాని కుడి చెయ్యి. ఆనించాను గానీ నడుం లేపలేదు. అది వెంటనే తట్టలేదు. ఆగింది. నేనూ ఆగాను. చాలాసేపు ఆగినట్టే ఉంది. తర్వాత తట్టింది, ఒక్కసారే. రెండోదాని కోసం నేను చూడలేదు.

ఆగస్టు 27, ఆదివారం

చిన్నదానికి నీలం బెల్టు కట్టారు. కిటికీలో చుట్టి ఉన్నదే. పదిరోజులు నేను కట్టుకున్నదే. నా ముడి పడిన చోట మడత ఇంకా పోలేదు. అది చూశాను. అదీ చూసింది.

రేపటి నుంచి పొద్దున క్లాసు దానిది. కిందపడే మనిషిని నేనే.

చప్పట్లు కొట్టాను, రెండు చేతులా. ఇంట్లోవాళ్ళంతా వచ్చారు. మా అమ్మాయి ఈల వేసింది. అత్తయ్య పక్కావిడతో, "మా ఇద్దరు కోడళ్ళకీ ఇచ్చారు, మొదట పెద్దదానికే" అంది. నేను తల వంచుకున్నాను, చిన్నది నవ్వు ఆపుకుంది.

మాస్టారు వేసిన ముడి కుదరలేదు. ఒక కొస పొడుగు, ఒక కొస పొట్టి. మెట్లు దిగుతుంటే ఆపి, విప్పి, మళ్ళీ కట్టాను. రెండు కొసలూ సమంగా వచ్చాయి. అది చేతులు పైకెత్తి నిలబడింది, చిన్నపిల్లకి బట్టలు వేసేటప్పుడు నిలబడినట్టు.

దానికి బాగానే ఉంది. నాకైతే ఇంకా బాగుండేది.